పుస్తకం మొహం

ఆటోలోంచి పెద్ద పెద్ద కట్టలు దిగుతుంటే అట్టలాయన మొహం విప్పారింది. గ్రంథాలయం వాళ్లు ఈ ఏడు పిల్లల కోసం కొన్న కొత్త పుస్తకాలవి. అచ్చు వాసన ఇంకా పోలేదు. ఎక్కడైనా కొత్త పుస్తకం వస్తే ముందు చదివేవాళ్ల చేతికి వెళ్తుంది. ఆ ఊళ్లో మాత్రం ముందు బైండరు చేతికి, అంటే అట్టలాయన చేతికి, వచ్చేది. కొన్నవి కొన్నట్టే అలమరలో పెడితే పిల్లలు నాలుగు రోజుల్లో పీలికలు చేస్తారని, కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే అవుతుందని ఒకప్పుడు ఎవరో పెద్దమనిషి రూలు పెట్టాడు. ఆ పెద్దమనిషి పోయాడు గానీ రూలు పోలేదు.

అట్టలాయన దుకాణంలో పని ఎలా జరిగేదో కొంచెం చెప్పాలి. ముందు బొమ్మ ఉన్న పై అట్టను ఊడదీస్తాడు. దబ్బనంతో పొడిచి గట్టి దారంతో కుడతాడు. రెండు పక్కలా దళసరి అట్టలు వేసి వాటి మీద మట్టిరంగు గుడ్డ అతికిస్తాడు. వెన్ను మీద నంబరు వేస్తాడు. ఊడదీసిన బొమ్మ కాగితాన్ని పారేసేవాడు కాదు, మహా పొదుపరి. దాన్ని అట్ట లోపలివైపు బలానికని అతికించి, పైన తెల్లకాగితం వేసి కప్పేసేవాడు. పుస్తకాన్నీ అట్టనూ కలిపి పట్టి ఉంచేది ఆ తెల్లకాగితమే. తన చేత్తో వేసిన అట్ట ఊడితే మీసం తీయించుకుంటానని ఆయన పందెం. ఆ మీసం సామాన్యమైనది కాదు. చివరలకు రోజూ కాస్త జిగురు రాస్తాడని వీధిలో వాళ్లు ఏడిపించేవారు. పెళ్లినాటి నుంచీ అది అలాగే నిలబడి ఉంది, ఆయన వేసిన అట్టలూ అలాగే నిలబడి ఉన్నాయి.

ఆయనకు ఒక్కతే కూతురు, పదేళ్లది. బళ్లో పిల్లలు దానికి నత్త అని పేరు పెట్టారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పంక్తి చివరికి చేరేసరికి మొదట ఏం చదివిందో మరిచిపోయేది. తరగతి గొల్లుమనేది. నవ్వించుకోవడం ఎందుకని పుస్తకం తెరవడమే మానేసింది. ఏడాది చివర టీచరమ్మ తండ్రిని పిలిపించింది. మీ అమ్మాయి పుస్తకం మొహం చూడదండీ అంది. సెలవులయ్యేలోగా ఒక్క పేజీ అయినా చివరిదాకా చదవగలిగితే సరే, లేకపోతే మళ్లీ అదే తరగతిలో కూర్చోవాల్సిందేనని తేల్చి చెప్పింది.

అట్టలాయన చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. కానీ ఇంటికొచ్చి ఒక నిర్ణయం చెప్పాడు.

"చదువు అబ్బేవాళ్లకి అబ్బుతుంది. అబ్బనివాళ్లని చావగొడితే వస్తుందా? అదే తరగతిలో కూర్చోమంటే బడి మానిపించేస్తా. నా పక్కన కూర్చుని పని నేర్చుకుంటుంది."

ఆసుపత్రిలో ఆయా పని చేసే తల్లి కళ్లు తుడుచుకుంది. దుకాణంలో జిగురు కాచే నాయనమ్మ, నా కొడుకు మాటంటే వాడు వేసిన అట్టే, ఇక ఊడదు అని గొణుక్కుంది. ఆ పిల్ల మాత్రం హమ్మయ్య అనుకుంది. అయ్యలారా, అమ్మలారా, పదేళ్ల పిల్ల ఇక చదవక్కర్లేదని హమ్మయ్య అనుకుందంటే మనం గుండెలు బాదుకోవాలి. అక్కడ ఎవరూ బాదుకోలేదు. ఆ పిల్ల మనసులో మాట ఎవరికీ వినపడలేదు మరి.

సెలవుల్లో దుకాణానికి వచ్చిన నత్తకు తండ్రి అప్పగించిన పని ఆటోలో వచ్చిన ఆ కట్టలు విప్పడం. దారం తెంపి, కాగితం విప్పి, పైనున్న పుస్తకాన్ని చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. అట్ట మీద ఒక నీలిరంగు ఒంటె ఉంది. అది డాబా మీద నీళ్ల ట్యాంకు పైన, అదేదో తన ఇల్లయినట్టు, కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. కింద వీధిలో జనం తలలెత్తి చూస్తున్నారు. అంత పెద్ద ఒంటె అక్కడికి ఎలా ఎక్కింది? మెట్లెక్కిందా? మెట్లు దానికి సరిపోతాయా? నాయనమ్మనడిగితే, నాకేం తెలుసే, నీకు తెలియాలంటే అందులో రాసే ఉంటుంది చూడు అంది.

వేరే దారి లేక ఆ పిల్ల పుస్తకం తెరిచింది. మొదటి పంక్తి చదవడానికి ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు, ఎవరూ నవ్వలేదు. ఒంటెను దింపడానికి మంటలార్పే బండి వచ్చింది. నిచ్చెన వేశారు. ఒంటె రానంది. మేయరుగారొచ్చి బతిమాలారు. ఎందుకు దిగవు అని అందరూ కలిసి అరిచారు. ఒంటె గొంతు సవరించుకుంది. సరిగ్గా అప్పుడు నాయనమ్మ అన్నానికి పిలిచింది.

తిని వచ్చి చూస్తే ఒంటె లేదు. అట్టలాయన తన ధోరణిలో తాను దాని బొమ్మ కూడా ఊడదీసి పని చేసుకుపోయాడు. మరో రెండు రోజుల్లో అన్నీ మట్టిరంగు బట్టలు కట్టుకుని, ప్రెస్సు కింద నలిగి, వరసగా ఆటో ఎక్కి వెళ్లిపోయాయి. ఒంటె ఏం చెప్పిందో తెలియకుండా నత్తకు అన్నం సయించలేదు. తండ్రినడిగితే, గ్రంథాలయంలోనే ఉంటుంది, పోయి చూసుకో అన్నాడు. కూతురు పుస్తకం కోసం అడుగుతోందన్న సంగతి ఆయనకు తట్టనేలేదు. చేతిలో జిగురు ఆరిపోతోంది మరి.

గ్రంథాలయంలో పిల్లల గది శుభ్రంగా ఉంది. ఎవరూ రాని గదులు శుభ్రంగానే ఉంటాయి. అలమరలన్నీ ఒకటే మట్టిరంగు, గోడ కట్టినట్టు. గ్రంథాలయం చూసుకునే మేడంగారు మంచి మనిషి, పద్ధతి గల మనిషి. ఏం పుస్తకమమ్మా అని అడిగింది. పేరు తెలియదు, నీలం ఒంటె అంది పిల్ల. నంబరు? తెలియదు. మేడంగారు ఆలోచనలో పడింది. ఏ నంబరు పుస్తకం ఎక్కడుందో ఆవిడ కళ్లు మూసుకుని చెప్పగలదు. ఏ పుస్తకంలో ఒంటె ఉందో మాత్రం చెప్పలేదు. కొత్తవి రాగానే బైండుకు పంపడం, తిరిగి రాగానే పాతవాటిలో కలిపి సర్దడం, అంతే ఆవిడకు వాటితో పరిచయం.

"మరి ఎలా? ఒక్కోటి తెరిచి చూసుకోవాలి" అంది.

నత్త మొదటి అలమర ముందు నేల మీద కూర్చుంది.

ఇక్కడ జరిగినదాన్ని ఏమనాలో తెలియదు. లోపల బొమ్మల్లేవు, తెరిచిన పుస్తకంలో ఒంటె ఉందో లేదో తేలాలంటే కాస్తయినా చదవాలి. మొదటిదాంట్లో ఒంటె లేదు, వర్షాన్ని డబ్బాల్లో పట్టి ఎండాకాలానికి దాచుకున్న అమ్మాయి ఉంది. ఆ డబ్బా మూత తీస్తే ఏమవుతుందో చూడకుండా పుస్తకం ఎలా మూస్తాం? ఇంకోదాంట్లో ఒకడు తన నీడతో పోట్లాడి మాటలు మానేశాడు. ఇంకోదాంట్లో సముద్రం అడుగున ఏ వెలుగూ చేరని చోట తామే దీపాలై ఈదే చేపలున్నాయి, అవి నిజంగా ఉన్నాయట. నత్త ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది. ఇవన్నీ ఇక్కడే, మన వీధి చివరే, ఇన్నాళ్లూ ఉన్నాయా? అప్పుడప్పుడూ తలుపు దగ్గర పిల్లలు తొంగి చూసేవారు. మట్టిరంగు గోడను చూసి ఇవి పెద్దవాళ్లవిరా అనుకుని వెళ్లిపోయేవారు.

ఆశ్చర్యం అంటువ్యాధి లాంటిది. సాయం చేద్దామని పక్కన కూర్చున్న మేడంగారు ఒంటె కోసమే ఒక పుస్తకం తెరిచి, గది మూసే వేళ దాటినా మూయలేదు. తన చేతి తాళంచెవితో రోజూ మూసి తెరిచిన అలమరలో ఏమున్నాయో ఆవిడకే ఇప్పుడు తెలిసింది. అయ్యో, అయ్యో అని రెండుసార్లు పైకే అనేసింది.

సెలవులు అయిపోవస్తున్నాయి. ఒక సాయంత్రం కూతుర్ని ఇంటికి తీసుకెళ్లడానికి అట్టలాయన గ్రంథాలయానికి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల ఎవరో చదువుతున్న గొంతు వినిపించింది. ఏదో కథ అది. పందెంలో అందరికంటే చివర వచ్చిన ఒక నత్త, దారిలో తాను ఏమేం చూసిందో చెప్పడం మొదలుపెడితే, ముందు చేరినవాళ్లందరూ నోళ్లు తెరిచి వింటున్నారట. గొంతు అక్కడక్కడా తడబడుతోంది, ఆగుతోంది, మళ్లీ పట్టుకుంటోంది. ఏ పంతులుగారి పిల్లో అనుకుని లోపలికి తొంగి చూశాడు.

నేల మీద చుట్టూ మట్టిరంగు పుస్తకాలు పరుచుకుని తన కూతురు. ఎదురుగా బుగ్గన చెయ్యి పెట్టుకుని మేడంగారు. అట్టలాయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. చదువు అబ్బదని తేల్చింది తనే. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఇది నా కూతురేనా అనుకున్నాడు. బళ్లో దాన్ని ఏడిపించే పేరే అది చదువుతోంది, నవ్వుతూ చదువుతోంది.

పిల్ల తల ఎత్తింది. తండ్రిని చూసి సంతోషించకపోగా కోపం తెచ్చుకుంది.

"నాన్నా, నా ఒంటెని ఎక్కడ దాచావు? అన్నీ వెతుకుతున్నా. అన్నిటికీ ఒకే మొహం వేశావు, ఎలా దొరుకుతుంది?"

అట్టలాయన నవ్వబోయి ఆగిపోయాడు. అలమర వైపు చూశాడు. ఆ పుస్తకాలన్నీ తన చేతి పనే. ఒంటె ఏదో తనే చూపించి కూతుర్ని సంతోషపెడదామని వరసలన్నీ తేరిపార చూశాడు. తెలియలేదు. తన చేత్తో కట్టిన పుస్తకాల్లో ఒక్కదాన్నీ తాను గుర్తుపట్టలేకపోయాడు. మీ అమ్మాయి పుస్తకం మొహం చూడదండీ అన్న టీచరమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. మొహం ఎక్కడుంది చూడటానికి? మొహాలన్నీ పీకి లోపల అతికించింది తనే కదా.

మేడంగారిని తడిగుడ్డ అడిగాడు. ఒక పుస్తకం తీసి, అట్ట తెరిచి, లోపలి తెల్లకాగితం మీద తడిగుడ్డ ఆనించి ఉంచాడు. జిగురు మెత్తబడ్డాక అంచున గోరు పెట్టి మెల్లగా లేపాడు. ఊడదని ఊరంతా చెప్పుకున్న బైండు ఆయన చేతిలోనే ఊడింది. తెల్లకాగితం కింద నుంచి ముందు ఒక పసుపుపచ్చని అంచు, తర్వాత ఒక గొడుగు, గొడుగు కింద డబ్బాలు పట్టుకున్న అమ్మాయి బయటికొచ్చింది. పుట్టిన బిడ్డను చూసినట్టు ముగ్గురూ వంగి చూశారు. ఇంకోటి తీశాడు. దీపాల చేపలు. ఇంకోటి. తలుపు దగ్గర తొంగి చూసే పిల్లలు ఇద్దరు లోపలికి వచ్చేశారు. వాళ్ల వెనక ఇంకొందరు. ప్రతి కాగితం లేస్తున్నప్పుడూ ఇప్పుడేం వస్తుందో అని అందరి మెడలూ సాగుతున్నాయి.

చివరికి నీలం మూపురం కనిపించింది. "అదే" అంది నత్త, చిన్నగా.

అందరి మధ్యలో కూర్చుని చివరి పేజీలు పైకి చదివింది. ఎందుకు దిగవు అని ఊరంతా అడిగితే ఒంటె గొంతు సవరించుకుని ఇలా అందట: దిగడం రాక కాదు, ఇక్కడి నుంచి అన్నీ కనిపిస్తున్నాయి, మీరే పైకి రండి.

మర్నాడు పొద్దున అట్టలాయన మంగలి దుకాణం నుంచి నేరుగా ఇంటికొచ్చాడు. నాయనమ్మ, ఎవరు బాబూ మీరు, మావాడు ఇంట్లో లేడు అంది. తల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆడిన మాట తప్పకూడదు కదే అని ఆయన బోసి పెదవి తడుముకున్నాడు.

బడి తెరిచిన రోజు టీచరమ్మ పాఠ్యపుస్తకం ఇచ్చి చదవమంది. నత్త నెమ్మదిగానే చదివింది, పేజీ చివరిదాకా చదివింది. తర్వాత ఏమవుతుంది టీచర్ అని పేజీ తిప్పింది. ఆ ప్రశ్న విని టీచరమ్మ పుస్తకం మూయమనలేకపోయింది. పిల్లను పై తరగతికి పంపింది.

గ్రంథాలయంలో ఇప్పుడు పిల్లల పుస్తకాలు వెన్ను చూపించవు, మొహం చూపిస్తూ వరసగా నిలబడి ఉంటాయి. బొమ్మలు పైకి అతికించి, మీద పల్చటి ప్లాస్టిక్ వేసింది అట్టలాయనే. ఆ గది ఇదివరకటంత శుభ్రంగా లేదు. కొత్త అలమర పెట్టిన రోజు తల్లిదండ్రులందరినీ పిలిచి, మేడంగారు ఆయన్ని రెండు ముక్కలు మాట్లాడమంది. జనంలోంచి ఒకాయన లేచి, ఇలా పిల్లల చేతికిస్తే చిరిగిపోవూ, అయినా మీ అమ్మాయి మట్టిరంగు పుస్తకాలతోనే కదా చదువు నేర్చింది అని అడిగాడు. అట్టలాయన లేని మీసం మీద చెయ్యి వేసుకుని, సిగ్గుపడి, చెయ్యి దించేశాడు.

"మా అమ్మాయి ఒక పుస్తకం మొహం చూసింది కాబట్టి వెతికిందండీ. మొహమే చూడనివాళ్లు దేన్ని వెతుకుతారు? చిరగనివ్వండి, తెచ్చివ్వండి, ఎన్నిసార్లయినా అతుకుతాను. పిల్లలు తెరవని పుస్తకాన్ని బాగుచేయడం మాత్రం ఏ బైండరు వల్లా కాదు."