మొదట కొన్న వంద

నేను ఒక ఫైలును. రంగులూ గళ్ళూ తాళమూ లేని ఉత్త అక్షరాల ఫైలును. ఎవరైనా తెరిచి ఏదైనా మార్చేయగలరు. అందుకే నేనెవరినీ నమ్మను.

తెనాలిలో రమామణి నన్ను పుట్టించింది. షేర్లు కొన్నప్పుడల్లా ఎప్పుడు, ఎంతకు కొన్నదీ నాలో రాసేది. మొదట వంద షేర్లు, ఒక్కోటి రెండు వందల చొప్పున. కొన్నేళ్ళకు అదే కంపెనీవి ఇంకో వంద, తొమ్మిది వందల చొప్పున. ఊరికే రాసుకునే మాటలుంటే ముందు సెమికోలన్ పెట్టేది. నన్ను చదివి కూడికలు సరిచూసే ప్రోగ్రామ్ ఆ వరుసల్ని లెక్కలోకి తీసుకోదు.

పోయేముందు భర్తతో, "అమ్మినప్పుడు అసలు మీరుంచుకోండి, లాభం మా చెల్లి వకుళకివ్వండి. కుట్టు దుకాణం పెట్టుకుంటుంది" అంది.

అలా విరూపాక్షం గారి చేతికొచ్చాను. రిటైరైన బోటనీ లెక్చరర్. మొన్న వంద షేర్లు వెయ్యి చొప్పున అమ్మి, తొమ్మిది వందలకు కొన్నవి పోయాయని రాశారు. లాభం పదివేలు. వచ్చిన డబ్బులోంచి కొన్న ధరా లాభమూ తీసేస్తే సున్నా మిగలాలి, మిగిలింది. ప్రోగ్రామ్ కిక్కురుమనలేదు.

నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. ముందు కొన్నవే ముందు పోవాలి, షేర్లుండే డీమ్యాట్ ఖాతాల పద్ధతి అది. అలా రాస్తే లాభం ఎనభై వేలు. అప్పుడూ మిగిలేది సున్నాయే. అబద్ధమూ సున్నాకి సరిపోతుందని మనుషులకు బాగా తెలుసు. పెద్దమనిషి మరదలి సొమ్ము మింగుతున్నాడనుకున్నాను.

వకుళ వచ్చింది. బ్రోకరు పంపిన కాగితం చూసింది, నన్నూ చూసింది.

"ఇందులో ఎనభై, మీ దాంట్లో పది. ఏం బావగారూ, మొక్కల పాఠాలు చెప్పేవాళ్ళకి తీసివేతలు రావా?"

ఆయన ముఖం పాలిపోయింది. "పాతవి మీ అక్క ట్యూషన్లు చెప్పిన డబ్బుతో కొంది వకుళా. అవి పోయాయని రాయడానికి చేతులు రాలేదు. నీ వాటా తగ్గుతుందని తట్టనే లేదు."

"తట్టకపోతే ఎలా? రేపు దుకాణానికి అడ్వాన్సు కట్టాలి నేను."

ఆయన తొమ్మిది వందలు చెరిపి రెండు వందలు కొట్టారు. లాభం ఎనభై వేలయింది. చెక్కు రాసిచ్చారు. రమామణి మొదట కొన్న వంద నాలోంచి వెళ్ళిపోయింది.

వకుళ చెక్కు మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

"లెక్కలోకి రాకుండా అక్క ఏదో చుక్క పెట్టేది, ఏదీ అది?"

ఆయన సెమికోలన్ చూపించారు. దాని పక్కన ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "ఇవి అక్క ట్యూషన్ల డబ్బుతో కొన్నవి."

ఆ వరుసనూ అనుమానంగానే చూశాను. ఉంటే ఏమీ కలవదు, తీసేస్తే ఏమీ తగ్గదు. ఎవరైనా చెరిపేస్తారేమోనని అప్పటినుంచీ దానికి కాపలా కాస్తున్నాను.