రేకు మీద ఎండిన మడ ఆకు

నాది పడవ పని. మడ అడవిలో ఆకు కోసి ల్యాబులో ఇవ్వడం ఈమధ్య తోడైన పని. అక్కడ ఒకమ్మాయి ఆ ఆకు రసం తీసి, టమాటా మొక్కను కుళ్లబెట్టే బూజు మీద పరీక్షిస్తోంది. మా ఆవిడ ఆమెకు కషాయం డాక్టరని పేరు పెట్టింది.

చిన్న గాజు పళ్లెంలో బూజు దూదిలా పెరుగుతుంది. నడుమ రసంలో ముంచిన కాగితం బిళ్ల పెడతారు. రసం పనిచేస్తే బిళ్ల చుట్టూ బూజు రాకుండా ఖాళీ వలయం మిగులుతుంది. మొదటిసారి బాగా మిగిలింది. తర్వాత రెండుసార్లూ బూజు బిళ్ల మీదికే ఎక్కేసింది.

"ఇక చాలు. శుక్రవారానికి బల్ల ఖాళీ చెయ్యి" అన్నారు ల్యాబు పెద్దసారు ఆమెతో.

ఆమె నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"అదే చెట్లా తాతా?"

"అవే."

"మంచినీళ్లతోనే కడిగావా?"

"ఆఁ."

ఎక్కడ ఆరబెట్టావని అడగలేదు. నీడలో పది రోజులని మొదటే చెప్పింది మరి. మొదటిసారి అలాగే చేశాను. తర్వాత ముసురు పట్టి గదిలో ఆకు మెత్తబడింది. ఎండ కాసిన రోజు చూసి, చేపలు ఎండబెట్టే రేకు మీద పరిచాను. సాయంత్రానికి గలగలలాడింది. ఎంత ఎండితే అంత మంచిదనుకున్నాను. చేపకైతే అంతే.

శుక్రవారం నేను వెళ్లేసరికి ఆమె సీసాలు అట్టపెట్టెలో సర్దుతోంది. ఒక మూత జారి దొర్లింది. తీయడానికి వంగి, ఇక లేవకుండా నేల మీదే కూర్చుండిపోయింది.

"రేకు మీద ఎండబెట్టానమ్మా" అన్నాను.

"ఏ రేకు?"

"చేపల రేకు. రెండుసార్లూ."

చేతిలోని మూత నేల మీద పెట్టి నా వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు తాతా?"

"నువ్వు అడగలేదు."

కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. లేచి పెద్దసారు గదిలోకి వెళ్లింది. తలుపు తీసే ఉంది.

"ఆకు ఎండలో మాడింది సార్. చూసుకోనిది నేనే. ఒక్కసారి మళ్లీ చేస్తాను."

నా ఊసే ఎత్తలేదు. సారు ఇంకో మూడు వారాలు ఇచ్చారు.

ఈసారి ఆకును మా మంచం మీద పరిచి ఫ్యాను వేశాం. మేం వంటగదిలో పడుకున్నాం.

"నేను కాపురానికొచ్చినప్పుడు విసనకర్రకే దిక్కు లేదు. ఆకుకి ఫ్యానట" అంది మా ఆవిడ. అంటూనే రోజూ రెండు పూటలా ఆకు తిరగేసింది.

వలయం మిగిలింది. బొటనవేలి గోరంత వెడల్పు. ఆమె పళ్లెం మూత తీయకుండానే నా కళ్ల ముందు పట్టుకుంది. మొక్కల మీద చల్లి చూడడం ఇంకా ఉందట. బల్ల మాత్రం ఆమెదే.

"నువ్వు చెప్పబట్టి గట్టెక్కాను తాతా" అంది.

చెడగొట్టిన చేతికే మళ్లీ ఆకు సంచి ఇచ్చిన మనిషి ఆమె. తలుపు దగ్గర చెప్పులు వేసుకుని వచ్చేశాను.

నిన్న ఆకు ఇస్తూ, రెండు రెమ్మలు పడవ అడుగున చేరిన ఉప్పునీళ్లలో పడ్డాయని చెప్పాను.

"నేనింకా ఏం అడగనే లేదుగా" అంది.

సంచి విప్పి, ఆ రెండు రెమ్మలూ తీసి చూపించాను.