పెట్టె నుదురు

"కరెంటొచ్చిందప్పోయ్!"

వాచ్‌మన్ మునెయ్య కేక గేటు దగ్గర పుట్టి, మామిడిపండ్ల క్రేట్ల మీదుగా గుజ్జు తీసే షెడ్డు దాకా ఎగురుకుంటూ వచ్చింది. ఆ వెంటనే ట్యూబులైట్లు కన్నుకొట్టాయి, మూలనున్న ఫ్యాను గరగరమని తిరిగింది, పండ్లు ఏరే ఆడవాళ్ళు ఈలలు వేసినంత పని చేశారు. గాలివానకు పూతలపట్టు దారి పొడుగునా స్తంభాలు ఒరిగిపోయాయి. జనరేటరులోకి నీళ్ళు జొరబడ్డాయి. అందుకే ఫ్యాక్టరీ రెండు రాత్రులు చీకట్లో మగ్గింది, పండుతో పాటే.

ఎలక్ట్రీషియన్ మునిశేఖర్ అప్పుడు ప్యానెల్ గదిలో రోజూ పొద్దున చేసే పనిలోనే ఉన్నాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో పాత పెట్టె తలుపు తీసి, చిరిగిన బనియను గుడ్డతో దుమ్ము తుడుస్తున్నాడు. పెట్టె లోపల పైభాగాన చిన్న చిన్న దీపాల వరస ఉంది. ఆ వరస చివర గంధం, కుంకుమ ఎండి బిళ్ళకట్టిన చోటుకు రాగానే గుడ్డ ఆగింది. అక్కడ తుడవడు. ఎవరినీ తుడవనివ్వడు.

ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో, ఏ మోటారు వెనక ఏ మోటారు తిరగాలో మొత్తం లైనుకు చెప్పేది ఆ పెట్టే. కరెంటు రాగానే దాని పచ్చదీపం వెలగాలి. వెలగలేదు. మునిశేఖర్ స్విచ్చి ఆపి వేశాడు. మళ్ళీ ఆపి వేశాడు. పెట్టె పలకలేదు.

మేనేజరు గిరిప్రసాద్ వచ్చి తలుపులోనే నిలబడ్డాడు.

"మగ్గిన పండు ఆగదు మునిశేఖర్. సాయంత్రానికి తిరగలేదంటే దీన్ని పీకించి పాతినుము వాడికేస్తా. కొత్త పెట్టె పెట్టిస్తా. ఇంగ దీంతో నా వల్ల కాదు."

"తిరుగుతాది సార్. పీకే మాట మాత్రం అనొద్దు."

మేనేజరు వెళ్ళిపోయాక చూసుకుంటే, మునిశేఖర్ అరచెయ్యి పెట్టె తలుపు మీద ఉంది, జ్వరం వచ్చిన బిడ్డ వీపు మీద ఉన్నట్టు.

ఫ్యూజులు చూశాడు, బాగున్నాయి. మీటరు పెట్టి చూశాడు, లోపలికి కరెంటు సరిగానే అందుతోంది. వైర్లు ఒక్కొక్కటీ లాగి చూశాడు. మాడిన వాసన కోసం ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశాడు. ఎక్కడా తప్పు లేదు. అన్నీ సరిగా ఉండి కూడా పలకడం లేదంటే ఎవరో ఏదో చేసినట్టే. ఆ అనుమానం ఒకసారి పుట్టాక, నేల మీద ఎండిన బురద అడుగులు కనిపించాయి. మూలన బీడీ ముక్క కనిపించింది. రెండో తాళంచెవి ఉండేది మునెయ్య గుత్తిలోనే. అతన్ని గదిలోకి పిలిచాడు.

"రాత్రి ఈడికెందుకొచ్చినావు?"

"గేటుకాడ రేకు ఎగిరిపాయ గదప్పా. యాడ పండుకోమంటావు, నీ నెత్తి మీదా?"

"పెట్టె తెరిచినావా?"

"తెరిస్తే ఏముంటాది, సద్దికూడా?" మునెయ్య నవ్వాడు. మునిశేఖర్ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "నన్నే అడగతా ఉండావా? ఇన్నేండ్లు ఒకే గిన్నెలో తింటిమి."

మధ్యాహ్నం అదే గిన్నె మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. రాగిసంగటి, నంజుకోవడానికి ఊరుబిండి పచ్చడి. మునెయ్య ముద్ద విరిచి చూసి, "ఇంకా గడ్డలు కడతానే ఉండాదే" అన్నాడు.

"చెయ్యి తిరగలా" అన్నాడు మునిశేఖర్. అతని చూపు మాత్రం మునెయ్య నడుముకున్న తాళాల గుత్తి మీదే ఉంది. ఊరుబిండి ఎంత బాగా కుదిరిందో ఆ పూట ఇద్దరూ చెప్పుకోలేదు.

మూడు దాటాక తిరుపతి నుంచి చక్రధర్ బైకు మీద వచ్చాడు. ఇలాంటి పెట్టెలు బాగుచేసే కుర్రవాడు. అతన్ని చూడగానే మునిశేఖర్ అనుమానం మునెయ్యను వదిలి ఇటు దూకింది. సీజనుకు ముందు వచ్చినప్పుడు ఇతనే పెట్టెకు వైరు తగిలించి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏమిటని అడిగితే "ఏం లేదన్నా" అన్నాడు. దుమ్ము తుడుస్తానని గంధం దాకా చెయ్యి పోనిచ్చాడు. పోతూ పోతూ కొత్త పెట్టె మేలని మేనేజరు చెవిలో వేశాడు. కొత్త ఎద్దును అమ్మజూపేవాడికి పాత ఎద్దు ఎటు నడిచినా కుంటుతున్నట్టే ఉంటుంది.

చక్రధర్ వైరు తగిలించి, తెర చూసి నిట్టూర్చాడు.

"ప్రోగ్రామంతా పోయిందన్నా. లోపల ఖాళీ."

"పోకేం చేస్తాది? ఆ పొద్దు నువ్వే గదా ఎత్తుకపోయినావు!"

"ఎత్తుకపోయినా, నిజమే." చక్రధర్ సిగ్గుగా నవ్వాడు. "కాపీ తీసుకున్నా. చెప్తే నీ పెట్టెను ముట్టుకున్నానని కొడతావేమోనని చెప్పలా. అది ఇందులోనే ఉండాది, మళ్ళా ఎక్కిస్తా. భయపడొద్దు."

మునిశేఖర్ స్టూలు మీద కూర్చున్నాడు.

"కానీ ఒకటన్నా. కరెంటు లేనప్పుడు ప్రోగ్రామును కాపాడేది లోపలుండే చిన్న బ్యాటరీ. అది నీరసపడితే చానా ముందే ఎర్రదీపం ఎలగాల. రోజూ తుడుస్తావు, ఎలగలేదా?"

"ఎలగలా. ఎలిగుంటే సూడనా?"

చక్రధర్ వేలు దీపాల వరస మీదుగా ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి, గంధం బిళ్ళ దగ్గర ఆగింది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

పోయిన ఆయుధపూజకు కార్మికుల ఇంటివాళ్ళందరూ వచ్చారు. మునిశేఖర్ భార్య చెంగమ్మ చిలకపచ్చ చీర కట్టుకుని, గంధం గిన్నె పట్టుకుని ఈ గదిలోకి వచ్చి, "దీనికి నుదురు యాడుండాది?" అని అడిగింది. అతను వేలితో చూపించాడు. ఆమె గంధం మందంగా పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, తల పక్కకు వంచి చూసుకుంది. "నీ మొగం కంటే ఇదే కళగా ఉండాది పో" అంది. మొదటిసారి పెట్టెను చూసి అతనికి కుళ్ళు పుట్టింది. ఆ మాట చెబితే ఆమె నవ్వి నవ్వి గంధం ఒలకబోసుకుంది. ఆ చలికాలమే, మామూలు జ్వరమనుకున్నది తగ్గక, చెంగమ్మ పోయింది.

"నేను తుడవనా అన్నా?"

"వద్దు. నేనే."

మునిశేఖర్ బొటనవేలు నాలికకు తాకించి తడి చేసుకున్నాడు. కుంకుమ ఉన్నంత మేరకే, మెల్లగా రుద్దాడు. గంధం రవ్వలుగా రాలింది. కింద ఎర్రదీపం వెలుగుతోంది. ఎన్నాళ్ళ నుంచో, ఎవరికీ కనబడకుండా వెలుగుతూనే ఉంది.

పొద్దు వాలేసరికి ప్రోగ్రాము ఎక్కింది. పచ్చదీపం వచ్చింది. షెడ్డులో ఒక మోటారు వెనక ఒకటి అందుకున్నాయి. పండిన తోతాపురి వాసన గది నిండా కమ్ముకుంది. గిరిప్రసాద్ తొంగిచూసి, "ఈసారికి బతికింది పో" అని వెళ్ళిపోయాడు.

మునెయ్య గడప దగ్గర గోడకానుకుని అంతా చూస్తున్నాడు. మునిశేఖర్ మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అతని చేతిలో పెట్టాడు.

"ఈ రాత్రి నువ్వు ఈడే పండుకో. కరెంటు పోతే నాకు కబురు పెట్టు, మళ్ళా మతి పోతాది దీనికి."

"నా కాడ ఒకటుండాది గదప్పా."

"ఉంటే ఉండనీ. ఇదీ పెట్టుకో."

చక్రధర్ లాప్‌టాప్ సంచిలో సర్దుకుంటూ బ్యాటరీ సంగతి గుర్తుచేశాడు.

"రేపు తెల్లారి బస్సుకు నేనే రేణిగుంటకు పోయి తెస్తా" అన్నాడు మునిశేఖర్. "కరెంటుండంగనే మారుస్తాము. మార్చినాక ఈ దీపం ఆరిపోతాది గదా?"

"ఆరిపోతాదన్నా."

"సరే. ఈ పూటకి ఎలగనీ."

అతను గుడ్డ దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. పెట్టె తలుపు వేయలేదు. లోపల, ఎండిన గంధపు చుట్టు మధ్య, కుంకుమ ఉండిన చోటనే దీపం ఎర్రగా నిలబడి ఉంది.