మోహనకృష్ణ గారి నడిమి దారి

ఆదివారం క్లాసుకి వచ్చేవాళ్ళంతా మోహనకృష్ణని "సాయా" అని పిలుస్తారు. బర్మీస్‌లో గురువు అని అర్థం. సుధామణి కూడా అలాగే పిలిచేది. పిలిచిన ప్రతిసారీ ఆ మాట నోటికి చేదుగా తగిలేది.

బర్మాలోని సంచౌంగ్ పేటలో ఆమె ఉండే బిల్డింగులోనే, సెల్‌ఫోన్ల వ్యాపారి అమర్ ఇంటి హాల్లో ఆ క్లాసు. ఏసీ, టీ, పలహారాలు అన్నీ అమర్‌వే. మోహనకృష్ణ అక్కడ దర్జాగా కూర్చుని పాత గ్రీకుల నీతి బోధించేవాడు. మంచితనం పుట్టుకతో రాదు, చెయ్యగా చెయ్యగా అలవాటవుతుంది. పిరికితనానికీ మొండి తెగింపుకీ నడుమ ఉండేదే ధైర్యం. అన్నిటా మితం కావాలి. మితం అంటూనే నూనెలో వేయించిన పిండి కడ్డీలు టీలో ముంచి ఒకదాని వెనక ఒకటి మింగేవాడు.

సుధామణి ఫిలాసఫీ చదివింది, ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఆయన చెప్పేది తప్పు కాదని ఆమెకి తెలుసు. అదే ఆమె కడుపుమంట. ఇల్లుగలాయన అద్దె పెంచాడని ఎవరైనా మొత్తుకుంటే చాలు, "అటూ న్యాయముంది, ఇటూ న్యాయముంది" అనేవాడు. నడుమ నిలబడడం కాదిది, ఎవరి కాలూ తగలకుండా గోడకి అంటుకుని పోవడం అని లోలోపల ఈసడించుకునేది. పైకి మాత్రం ఒక్క మాట అనేది కాదు.

ఒక ఆదివారం క్లాసు అయ్యాక మోహనకృష్ణ, సుధామణి మెట్లు దిగుతున్నారు. కింది అంతస్తు మెట్ల దగ్గర అమర్ కేకలు వినిపించాయి. కరెంటు వచ్చిన వెంటనే నీళ్ళ మోటారు వెయ్యలేదని ముసలి వాచ్‌మన్ సోయ్ విన్ మీద విరుచుకుపడుతున్నాడు. చూస్తుండగానే ముసలాయన చెంప మీద కొట్టి, ఒక్క తోపు తోశాడు. సోయ్ విన్ మెట్ల మీంచి దొర్లాడు. మణికట్టు విరిగింది. సుధామణి పరుగెత్తుకెళ్ళి లేవదీసింది. వెనక్కి తిరిగి చూస్తే మోహనకృష్ణ ఫోను తీసి అందులోకి తల దూర్చేశాడు.

మర్నాడు సాయంత్రం బిల్డింగు పెద్ద సు సు గారింట్లో అందరూ చేరారు. సోయ్ విన్ తాగి పడ్డాడనీ, అతన్ని తీసెయ్యాలనీ అమర్ పట్టుబట్టాడు.

"మీరు మెట్ల మీదే ఉన్నారట కదా, సాయా? ఏం జరిగింది?" అని సు సు అడిగింది.

మోహనకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "ఒకవైపు కోపం ఎక్కువైంది. ఇంకోవైపు అలసత్వం ఎక్కువైంది. నిజం ఎప్పుడూ నడుమే ఉంటుంది. అమర్ గారిని ఎవరూ ఏమీ అనొద్దు. ముసలాయన మీదా నింద వెయ్యొద్దు. మర్యాదగా ఊరికి పంపించేద్దాం."

చాలామంది తలలూపారు. సోయ్ విన్ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

ఇప్పుడు మాట్లాడాలి అనుకుంది సుధామణి. అయినా లేవలేదు. ఇన్నాళ్ళూ ఆయన్ని అసహ్యించుకోవడమే తన ధైర్యం అనుకుంది. అసహ్యం బాగానే అలవాటైంది గానీ, నోరు తెరవడం ఒక్కనాడూ అలవాటు చేసుకోలేదు. మరి ఈ మనిషికీ తనకీ తేడా ఏమిటి? ఆ ఆలోచనకే ఆమెకి ఒళ్ళు మండింది. లేచి నిలబడింది.

"కొట్టినాడు!" గొంతు కీచుమంది. బర్మీస్‌లో చెప్పబోయి తెలుగులో అరిచింది, మళ్ళీ బర్మీస్‌లోకి మారింది. "కొట్టి తోసీసినాడు. నేను సూసినాను. సాయా కూడా సూసినారు." అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేకపోయింది. అమర్‌ని పంది అంది. అతని దుకాణంలో సరుకంతా నాసిరకం అంది. సంబంధం లేనివన్నీ తవ్విపోసింది.

సు సు చెయ్యెత్తి ఆపింది. "సాయా, కొట్టాడా, కొట్టలేదా?"

మోహనకృష్ణ అమర్ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. "ఆ టైముకి నేను ఫోన్లో ఉన్నానండీ."

చూడకుండానే తీర్పు చెప్పాడా అని ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. సుధామణి అరుపులకన్నా ఆ నవ్వే పని చేసింది. సోయ్ విన్ ఉద్యోగంలో ఉండాలనీ, వైద్యం అమర్ చేయించాలనీ తేల్చారు.

బయటికి వచ్చాక మోహనకృష్ణ ఆమెని ఆపాడు. "నువ్వు సెప్పింది నిజమేనమ్మా సుధా. గానీ కొంచెం అతి అయిపోనాది. ఆ పంది మాట అక్కర్నేదు."

"అక్కర్నేదు, సాయా. అది నా తప్పే. మరి ముసలోణ్ణి కొట్టడానికి మితం ఏటి? కొంచెం మెల్లగా కొట్టాలా? కొన్ని పనులకి నడిమి దారే నేదని ఆ గ్రీకులే సెప్పినారు కదా. ఆ ముక్క మీరు ఎప్పుడూ సెప్పనేదు ఏటి?"

మోహనకృష్ణ మొహం వెలిగింది. "మంచి పాయింటమ్మా! వచ్చే వారం పాఠం అదే పెడతాను."

పెట్టాడు కూడా. చక్కగా చెప్పాడట, జనం చప్పట్లు కొట్టారట. సుధామణి వెళ్ళలేదు.

ఆ నెలలోనే ఆమె స్కూల్లో ప్రిన్సిపాల్ పిల్లలందరి ముందూ ఆయమ్మని తిట్టింది. సుధామణికి మళ్ళీ కూర్చునే ఉండాలనిపించింది. అయినా లేచింది. "అలా మాట్లాడకండి, మేడమ్" అంది. ఈసారి అంతకుమించి ఏమీ అనలేదు.

ప్రిన్సిపాల్‌కి అది అస్సలు నచ్చలేదు.