మామయ్య అండ

ఉదయం ఎనిమిదింటికి నీటి పరీక్షల ల్యాబులో అడుగుపెట్టగానే ఆమె చూపు మూడు సీసాల మీద పడింది. ముందురోజు పరీక్ష మందు వేసి కొత్త ట్యాంకు నీళ్లు నింపి పెట్టిన సీసాలవి. నీళ్లు మంచివైతే రంగు మారకూడదు. మూడూ కాటుకలా నల్లబడ్డాయి. ఎక్కడో మురుగు కలుస్తోంది.

పదకొండింటికే ట్యాంకు ప్రారంభోత్సవం. బయట కుర్చీలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె సంతకం పెడితేనే నీళ్లు వదులుతారు. నలభై వీధులు, రెండు బడులు, ఒక ప్రసూతి ఆసుపత్రి ఆ నీళ్లే తాగాలి.

వెంటనే మామయ్యకి ఫోన్ చేసింది. తండ్రి పోయాక ఆమెను చదివించిందీ, ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ప్రధాన కార్యాలయంలో ఆయన మాటకు తిరుగులేదు. "నేనుండగా నీ మీద ఈగ వాలనివ్వను" అనేవాడు. దేవుడికి దండం పెట్టుకోవే అని తల్లి పోరితే, "మనకి మామయ్య ఉన్నాడు కదమ్మా" అని నవ్వేసేది ఆమె.

"మామయ్యా, నీళ్లు బాగాలేవు. ఆపించాలి."

"భయపడకు. నేను మాట్లాడతా."

రెండు గంటలు గడిచాయి. ఫోన్ రాలేదు, పెద్ద ఇంజనీరు వచ్చాడు.

"సీసాలు పాతవేమో?"

"ఈ నెలవే సార్. పాత ట్యాంకు నీళ్లు కూడా పక్కనే పెట్టాను. చూడండి, అవి మారలేదు."

"పెద్దలు బయల్దేరారమ్మా. ఇవాళ సంతకం పెట్టెయ్, రేపు క్లోరిన్ దట్టిద్దాం."

"రేపటిదాకా జనం దాహం ఆపుకుంటారా సార్?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. "అరగంట టైమిస్తున్నా. తర్వాత ఈ కుర్చీలో ఇంకొకరుంటారు."

ఆయన వెళ్లగానే మామయ్య ఫోన్.

"అమ్మాయ్, పెట్టెయ్ సంతకం."

"మాట్లాడతానన్నారుగా!"

"నా మెడకి చుట్టుకునేలా ఉంది. మొండికేస్తే నువ్వెవరో నాకు తెలీదంటాను. తర్వాత నీ ఇష్టం."

ఫోన్ కట్టయింది. ఆమె లేచి మందుల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. క్లోరిన్ ఘాటుకో, ఏడుపుకో కళ్లు మండుతున్నాయి.

"దేవుడా, ఇన్నాళ్లూ నిన్ను పలకరించనైనా లేదు. సిగ్గుగా ఉంది. ఉద్యోగం నిలబెట్టమని అడగను. తప్పు సంతకం మాత్రం నాతో పెట్టించకు."

భయం పోలేదు. కానీ ఒకటి తేటపడింది. మామయ్యకి భయం వేసేదాకానే మామయ్య అండ. దేవుడు ఎవరికి భయపడతాడు?

బయటికొచ్చి "తాగడానికి పనికిరావు" అని రాసి సంతకం చేసింది. ఆ కాగితం తీసుకెళ్లి ఇంజనీరుకిచ్చింది. ఆయన పరపరా చించేశాడు.

"రిజిస్టర్లో కూడా రాశాను సార్."

ఆయన విసవిసా వాల్వు గదికి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది. ముప్పై ఏళ్లుగా వాల్వు చక్రం తిప్పుతున్న ముసలాయన అక్కడున్నాడు. అందరూ చక్రం తాత అంటారు.

"తిప్పు!"

"కాగితమేది బాబూ?"

"నేను చెబుతున్నాగా!"

"మీరు చెప్పి కారెక్కుతారు. తిప్పిన చెయ్యి నాది. పాప సంతకం ఉంటే ఇప్పుడే తిప్పుతా."

ఇంజనీరు తనే చక్రం పట్టుకున్నాడు. బయట బ్యాండు మొదలైంది. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది, ఆయన చక్రం తిప్పలేదు. చివరికి ఆయన చేతులు వదిలేసి చెమట తుడుచుకున్నాడు.

"ఎవరైనా పోతే నా పీకకే చుట్టుకుంటుంది" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

రిబ్బను కత్తిరించారు, ఉపన్యాసాలిచ్చారు, నీళ్లు మాత్రం వదల్లేదు. మూడో రోజు తవ్వితే, ట్యాంకుకి వచ్చే గొట్టం అతుకు పగిలి పక్క కాలువ మురుగు కలుస్తోందని తేలింది. ఆమెని ఎవరూ మెచ్చుకోలేదు. దూరంగా ఒక పంపు స్టేషన్‌కి బదిలీ చేశారు. రెండు బస్సులు మారి వెళ్లేది. రోజూ బయల్దేరే ముందు కాసేపు కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుకునేది.

మామయ్య ఏడాదిపాటు ఇంటి ఛాయలకు రాలేదు. ఒకరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆరోజు భయపడ్డానమ్మా."

"నేనూ భయపడ్డాను మామయ్యా. లోపలికి రండి. దేవుడి పని మీ నెత్తిన పెట్టింది నేనే. మీరు మామయ్యగా ఉంటే చాలు నాకు."