తీసేసిన ఏడాది

సాయిదుర్గ చేపల పులుసు పొయ్యి మీద పడేసి, చింతపండు చేతులతోనే వచ్చి లాప్‌టాప్‌లోకి తొంగి చూసింది. నాగాయలంక అవతల కట్టబోయే తుఫాను షెల్టరుకి నేల ఎంత ఎత్తులో వెయ్యాలో తేల్చే లెక్క ఆమెదే. ఏటేటా సముద్రం ఎంత పొంగిందో పోగేసి, వందేళ్లకోసారి రాగల నీటిని అంచనా కట్టింది. కింద సంతకం మాత్రం మొగుడు హేమంత్‌ది. బందరు ఆఫీసు బోర్డు మీదా అతని పేరే. ఎంటెక్ చదివిన ఈవిడగారిది వంటిల్లు, తీరిక దొరికితే లెక్కలు.

తెర మీద ఎత్తు తగ్గిపోయి ఉంది. ఎందుకా అని వెతికితే డెబ్భై ఏడో సంవత్సరం లేదు. దివిసీమను ఊడ్చేసిన ఏడాదిని శుభ్రంగా తుడిచేశాడు మహానుభావుడు.

"అదేంటండీ, ఉప్పెన వచ్చిన ఏడాదే తీసేశారు?"

"అదొక్కటే మిగతావాటితో కలవట్లేదు దుర్గా. దాన్ని వదిలేస్తే గ్రాఫులో గీత చక్కగా కుదిరింది. ఖర్చూ తగ్గుద్ది."

"మనం లెక్క కట్టేదే దాని కోసం కదండీ. మామూలు ఏళ్లలో షెల్టరెందుకు?"

"ఎప్పుడో ఒకసారి జరిగినదాన్ని పట్టుకుని వేలాడతావు. నీ బుద్ధే అంత." తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెకి కొత్త కాదు. పోయిన వేసవిలో, చుట్టాల ముందు అతని పేరుతో వెళ్లిన ఓ డిజైన్ తనదని నోరు జారినందుకు, గదిలోకి పిలిచి చెంప పగలగొట్టాడు. చెవిలో హోరు చాన్నాళ్లు తగ్గలేదు. "మావాడు బంగారం. ఎప్పుడో ఒకసారి చెయ్యి చేసుకుంటే దాన్నే తలుచుకుంటూ కూర్చుంటారా అమ్మా?" అంది అత్తగారు. సాయిదుర్గ కూడా సిగ్గు లేకుండా ఆ రోజుని పక్కన పెట్టేసింది. మిగతా రోజులన్నీ కలిపి చూస్తే మంచి మొగుడే మరి, పెడన వెళ్తే చీర తెస్తాడు. కానీ అతను గొంతు పెంచితే ఆమె ఒళ్లు ముడుచుకుపోతుంది. సగటు మంచితనం చూసుకుని ఈ ఇంట్లో నిద్రపోతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కూర్చుని ఆ ఏడాదిని మళ్లీ చేర్చింది. ఎత్తు పెరిగింది. షెల్టరు కట్టించే ఆఫీసులో ప్రీతి గారికి పంపించి, ఫోన్ చేసింది. "లెక్క కట్టింది నేనేనండీ. ఇంతకంటే తక్కువ ఎత్తు ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఏమడిగినా నన్నే అడగండి."

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆమె పొయ్యి కట్టేసి, బట్టలు బ్యాగులో సర్దుకుంది.

అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వాడిప్పుడు నిన్నేం చేశాడని? ఏమైందని పోతున్నావమ్మా?"

"ఇంకా ఏమీ కాలేదత్తయ్యా. అందుకే ఇప్పుడే వెళ్తున్నాను."