పెద్ద క్యాసెట్టులో వచ్చిన మొగుడు

కొత్తపేట బస్టాండు వెనక వీధిలో ఆ రోజుల్లో రెండు వీడియో కొట్లు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి సువర్ణది, ఒకటి నూకరాజుది. సువర్ణ దగ్గర ఉన్నది చిన్న క్యాసెట్లు ఆడే డెక్కు, నూకరాజు దగ్గర ఉన్నది పెద్ద క్యాసెట్లు ఆడే డెక్కు. చిన్నది పెద్దదాంట్లో ఆడదు, పెద్దది చిన్నదాంట్లో దూరనే దూరదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, 1985లో ఆ ఊరు రెండుగా ఎందుకు చీలిందో తెలిసిపోతుంది. ఎక్కడో జపానులో ఇద్దరు కంపెనీవాళ్లు పంతాలకి పోతే కొత్తపేటలో తోటికోడళ్లు మాటలు మానేశారు.

మొదట్లో సువర్ణకి ఈ మిషన్ల సంగతేమీ తెలియదు. మొగుడు వరప్రసాదం మస్కట్‌లో ఎలక్ట్రీషియను. రెండేళ్ల కిందట సెలవుకి వచ్చినప్పుడు చిన్న డెక్కు, కలరు టీవీ తెచ్చి, కొట్టు పెట్టుకోమని చెప్పి వెళ్లాడు. వెళ్లాక ప్రతి ఉత్తరంలోనూ ఒక పేరా మిషను గురించే రాసేవాడు. చిన్నదాంట్లో బొమ్మ శుభ్రంగా ఉంటుందట, పెద్దదాంట్లో మసకబారుతుందట, తెలిసినవాళ్లెవరూ పెద్దది కొనరట. సువర్ణ ఆ పేరాలన్నీ బట్టీపట్టేసింది. మనిషి పక్కన లేడు, మనిషి మాట మాత్రం ఉంది. దాన్ని ఎవరైనా కాదంటే ఆమెకి మొగుణ్ణే కాదన్నంత బాధగా ఉండేది.

నూకరాజు తక్కువవాడేమీ కాదు. ఆయన బావమరిది దుబాయి నుంచి పెద్దది తెచ్చాడు, ఆ రోజునుంచీ ఆయనకి లోకంలో డెక్కంటే పెద్దదే. రోజూ పొద్దున్న కొట్లు తెరుస్తూనే వీధికి అడ్డంగా చర్చ మొదలయ్యేది.

"చెల్లెమ్మగారూ, మీ క్యాసెట్టు రెండు గంటలకే అయిపోద్దంటగా అండీ. సినిమా మధ్యలో లేచి మార్చాలంటే చూసేవోళ్లకి కష్టం కదండీ."

"ఆయ్. లేచి మంచినీళ్లు తాగుతారండి అన్నయ్యగారూ. మీ బొమ్మ చూడాలంటే కళ్లద్దాలు కొనుక్కోవాలంటండీ."

"కళ్లద్దాలు ఎప్పటికైనా అందరికీ వచ్చేవేనండి."

గారూ, అండీ తగిలించకుండా ఒక్క తిట్టు కూడా ఆ వీధి దాటేది కాదు. వింటున్నవాళ్లు నూకరాజుకీ "ఆయ్" అనేవారు, సువర్ణకీ "ఆయ్" అనేవారు. దాంతో ఊరంతా తన వైపే ఉందని ఇద్దరూ నమ్మేవారు. ఆ నమ్మకంతోనే ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ సువర్ణ నలుగురిలో అనేసింది, పెద్ద క్యాసెట్టు ఆడేచోట కాలు పెడితే తన కొట్టు మూసేస్తానని. "ఆయ్, వింటున్నామండి," అన్నాడు నూకరాజు.

నెల తిరక్కుండానే సీమోను అని, వరప్రసాదంతో పాటు పనిచేసే రాజోలు కుర్రాడు సెలవుకి వస్తూ ఒక పార్సిలు తెచ్చిచ్చాడు. "మీ ఆయన వీడియోలో మాట్లాడేరండి. కదులుతారు కూడానండి," అని చెప్పి వెళ్లిపోయాడు.

గల్ఫు నుంచి మాటల టేపు వస్తే ఒక్కరే వినడం ఆ వీధిలో లేదు. టేపురికార్డరు అరుగు మీద పెట్టి అందరూ వినాలి. తలుపేసుకుని విన్నారంటే అక్కడ మనిషికేదో అయ్యిందనో, మొగుడూపెళ్లాలకి చెడిందనో లెక్క. అందుకని సువర్ణ అత్తగారు సూరమ్మ, పార్సిలు విప్పకముందే వీధంతా తిరిగి పిలిచేసింది. సాయంత్రం నాలుగింటికి పాతిక మంది పీటలతో సహా వచ్చి కూర్చున్నాక సువర్ణ దారం తెంపి కాగితం విప్పింది. పెద్ద క్యాసెట్టు.

సూరమ్మ దాన్ని అందుకుని డెక్కు దగ్గర పెట్టి చూసింది.

"కొంచెం గట్టిగా నొక్కితే వెళ్లదంటావా అమ్మా?"

"వెళ్లదు అత్తయ్యా."

సువర్ణకి ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, రెండూ మింగేసింది. రెండేళ్లుగా చూడని ముఖం ఆ నల్లటి డబ్బాలో ఉంది. అది ఆడే మిషను ఎదురుగానే ఉంది. మధ్యలో తను పారేసుకున్న నోరు ఉంది. నూకరాజు తన గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నాడు గానీ నవ్వడం లేదు. నవ్వితే ఎంత బాగుండేదో, తిట్టుకుంటూ లోపలికి పోయేది.

"నేను వెళ్లొస్తాలే. నేనేం ఒట్టు పెట్టుకోలేదు కదా. ఎలా ఉన్నాడో చూసొచ్చి చెప్తాను," అంది సూరమ్మ.

కట్టుకున్నవాడు ఎలా ఉన్నాడో అత్తగారు చెప్తే వినాలా? సువర్ణ కొంగు సర్దుకుని వీధి దాటింది. వెనకాలే పాతిక మందీ పీటలు పట్టుకుని దాటారు.

"రండి చెల్లెమ్మగారూ," అని నూకరాజు తన కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు. క్యాసెట్టు రెండు చేతులా పుచ్చుకుని డెక్కులో పెట్టాడు.

ముందు గీతలొచ్చాయి, తర్వాత ఒక గోడ, తర్వాత వరప్రసాదం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబులో పెట్టాడు, ఒకసారి వెనక్కి కట్టాడు. బాగా చిక్కిపోయాడు. ముందుపక్క జుట్టు పల్చబడింది, ఆ సంగతి ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. అతన్ని చూడాలని తనకి ఎంతగా ఉందో, చూసేదాకా సువర్ణకే తెలియలేదు.

"అమ్మా, మోకాళ్లు ఎలా ఉన్నాయే?" అన్నాడు.

"ఉన్నాయిరా," అంది సూరమ్మ టీవీతో.

వీధిలో వాళ్లందరినీ పేరు పేరునా అడిగాడు. పేరు వచ్చినవాళ్లందరూ "ఆయ్, బాగున్నాం" అని జవాబు చెప్పారు. అప్పుడు అతను గొంతు సవరించుకున్నాడు.

"సువర్ణా, నీకో సంగతి చెప్పాలి. ఆ చిన్న డెక్కు గొప్పదని నేను రాసిందంతా..."

తెర నల్లబడిపోయింది. నూకరాజు వేలు మీట మీద ఉంది.

"కరెంటు పోయిందండి," అన్నాడు.

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆ గాలికి సూరమ్మ జుట్టు ఎగురుతోంది. పాతిక మందీ ఫ్యాను కేసి చూశారు, నూకరాజు కేసి చూశారు.

"ఆయ్, పోయిందండి," అన్నారు. "ఈ కరెంటుతో చచ్చిపోతున్నామండి," అని కూడా ఎవరో అన్నారు.

సువర్ణకి అర్థమైంది. రెండేళ్లుగా తనని ఓడించాలని చూసిన మనిషి, తీరా గెలిచే వేళకి నలుగురిలో తన పరువు పోకూడదని మీట నొక్కేశాడు. ఆ మంచితనం ఆమెకి ఓటమి కన్నా కష్టంగా తోచింది.

"కరెంటు ఉందండి అన్నయ్యగారూ. వెయ్యండి," అంది.

"తర్వాత మీరొక్కరూ వినొచ్చు కదండీ."

"ఒక్కదాన్నే వింటే మా ఆయనకేదో అయ్యిందనుకుంటారండి."

నూకరాజు అయిష్టంగానే మీట నొక్కాడు.

"...రాసిందంతా కొట్టువాడు చెప్పిందేనే. ఆ రోజు పెద్దవి అయిపోయేయి, తెల్లారితే నా ఫ్లయిటు. చిన్నది ఒక్కటే మిగిలింది, కొనేసేను. కొన్నాక మంచిదే అనుకోవాలి కదా. దానికోసం నువ్వు ఊరంతటితోనూ పోట్లాడుతున్నావని అమ్మ రాయించింది. ఇక్కడ చిన్నది అడిగేవాడే లేడిప్పుడు, ఈ క్యాసెట్టు కూడా పెద్దదాంట్లోనే తీశారు. నా గదిలోకి నేనూ పెద్దదే కొనుక్కున్నాను. ఆ చిన్నది అమ్మేసెయ్యి."

టేపు అయిపోయింది. నూకరాజు తల వంచుకుని, తనే ఏదో తప్పు చేసినట్టు అన్నాడు.

"మా బావమరిది పెద్దదే ఎందుకు తెచ్చేడో నాకూ తెలవదండి చెల్లెమ్మగారూ. చిన్నది తెచ్చుంటే చిన్నదే గొప్పదనేవోణ్ణి."

సువర్ణకి నవ్వు ఆగలేదు. మొగుడి మాటని రెండేళ్లు మోసుకు తిరిగింది. తీరా చూస్తే అది మొగుడి మాట కాదు, మొహమైనా తెలియని మస్కట్ కొట్టువాడిది. మరి అద్దెకడిగితే టీవీని రిక్షాలో వేయించి వానలో రావులపాలెం దాకా పంపింది ఎవరు? చెడిపోయిన డెక్కు విప్పి, భయపడుతూ భయపడుతూ తుడిచి, మళ్లీ ఆడించింది ఎవరు? అదంతా తను చేసిందే. తల్చుకుంటే గర్వంగా అనిపించింది.

"ఏం చేస్తావమ్మా ఇప్పుడు?" అంది సూరమ్మ భయంగా.

"ఆయన చెప్పేరని రెండేళ్లు పోట్లాడేను అత్తయ్యా. ఇప్పుడాయన చెప్పేరని మానను." నూకరాజు వైపు తిరిగింది. "బొమ్మ మాత్రం మాదే బాగుంటుందండి. ఇది నా కళ్లతో చూసి నేను చెప్తున్నాను."

పాతిక మందీ "ఆయ్" అన్నారు. అందరికన్నా గట్టిగా నూకరాజే అన్నాడు. ఎదురు కొట్టు మూతపడితే పొద్దున్నే ఎవరితో మాట్లాడాలా అని అప్పటిదాకా ఆయన బెంగపడుతున్నాడు. అయినా ఒట్టు ఒట్టే కాబట్టి, కాస్త మొహమాటంగా అడిగాడు.

"ఇక్కడ కాలు పెడితే కొట్టు మూసేస్తానన్నారు కదండీ?"

"ఆయ్. ఇవాళ్టికి మూసేసేనండి."

"మరి రేపు ఎన్నింటికి తెరుస్తారండి?"

"మీకంటే ముందేనండి," అంది సువర్ణ, ఆయన వేసిన కుర్చీ టీవీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంటూ. "ఈలోగా ఆ క్యాసెట్టు మళ్లీ మొదటికి తిప్పండి. ఆయన్ని నేనింకా సరిగ్గా చూడలేదు."